పుస్తకం లేనిదే స్క్రూ విప్పని సుందరరాజు

నంద్యాల నూనెపల్లెలో నా జిరాక్సు షాపును ఆనుకుని సుందరరాజు రేడియో, టీవీ రిపేరు షాపు ఉండేది. మనిషి బంగారం. ఒకటే జబ్బు. ఏ వస్తువు బాగుచేయాలన్నా దాంతోపాటు కంపెనీవాళ్లు ఇచ్చిన పుస్తకం తెచ్చివ్వాలి. పుస్తకం లేకుంటే స్క్రూ విప్పడు. టీవీలోంచి పొగ వస్తున్నా సరే, ప్లగ్గు పీకి బల్లమీద పెట్టి, తెచ్చినవాళ్ల ముఖంలోకి నిదానంగా చూసి "పుస్తకం యాడ?" అనేవాడు.

కొత్త మిక్సీతో వచ్చిన పుస్తకానికి మన ఇళ్లలో ఏ గతి పడుతుందో నేను చెప్పక్కర్లేదు. మిక్సీ అట్టపెట్టెలోంచి బయటికి వచ్చేలోపే అది పిల్లల చేతుల్లో కాగితం పడవలైపోతుంది. అందుకని సుందరరాజు షాపుకు వచ్చినవాళ్లలో చాలామంది వచ్చిన దారినే ఇంటికిపోయి అటకలెక్కేవాళ్లు.

మహానంది దగ్గర అరటితోటలున్న రైతు ఒకాయన వాళ్ల తాత కొన్న టేబుల్ ఫ్యాను తెచ్చాడు. పుస్తకం అడిగితే, తాత పోయి చాలాకాలమైందని చెప్పాడు.

"పుస్తకం గూడా తీసకపోయినాడా?" అన్నాడు సుందరరాజు, నిజంగానే తెలుసుకోవాలన్నట్టు.

రైతుకు రోషం వచ్చింది. ఇంటికిపోయి తాత పెట్టెలన్నీ వాకిట్లో బోర్లించాడు. పుస్తకం దొరికింది. పుస్తకం మడతలో వాళ్ల అవ్వ చెవికమ్మ కూడా దొరికింది. ఆ కమ్మ నువ్వు తీశావంటే నువ్వు తీశావని ఆ ఇంటి కోడళ్లిద్దరూ ఏళ్ల తరబడి మాట్లాడుకోవడం మానేసి ఉన్నారు. ఆ రోజుతో కలిసిపోయారు. రైతు సుందరరాజుకు అరటిగెల తెచ్చిచ్చాడు. అప్పటినుంచి మా వీధిలో, సుందరరాజు దగ్గరికి ఫ్యాను తీసుకుపోతే ఫ్యాను తిరుగుతుందన్న నమ్మకం లేదుగానీ పోయిన నగ మాత్రం దొరుకుతుందని చెప్పుకునేవాళ్లు.

పుస్తకం తెచ్చినంత మాత్రాన పని అయిపోయినట్టు కాదు. తెచ్చినవాళ్లు స్టూలు మీద కూర్చోవాలి. సుందరరాజు పుస్తకం తెరిచి, బొమ్మ మీద వేలుపెట్టి, అదే వేలు మిషను లోపల పెట్టి, ఇది అదే, అది ఇదే అని వరసగా చెప్పుకుంటూ పోయేవాడు. ఇంట్లో పప్పు నానబెట్టి వచ్చిన ఆడవాళ్లు గొణిగేవాళ్లు. నువ్వు చేసియ్యప్పా, మాకేంటికి ఈ చదువు అంటే, వినపడనట్టు పేజీ తిప్పేవాడు.

కువైట్ నుంచి ఎవరో తెచ్చిన రేడియోతో వచ్చిన పుస్తకం అరబ్బీలో ఉంది. సుందరరాజు దాన్ని తీసుకుని నేరుగా మసీదుకు పోయాడు. పెద్దాయన కళ్లజోడు పెట్టుకుని గంభీరంగా చదివాడు. గేటు దగ్గర జనం పోగై, తలలమీద గుడ్డలు కప్పుకుని భక్తిగా విన్నారు. చివరికి పెద్దాయన పుస్తకం మూసి, బ్యాటరీలు తడి తగలని చోట పెట్టాలంట అని చెప్పాడు.

పెళ్లిచూపులకు కూడా ఒకసారి పోయివచ్చాడు. చుట్టాలు బలవంతాన ఉయ్యాలవాడకు తీసుకుపోయారు. పిల్ల వచ్చి కూర్చుంది. నీకేమైనా అడగాలనుంటే అడుగప్పా అన్నాడు పిల్ల తండ్రి. సుందరరాజు అప్పటిదాకా పిల్ల వెనకాల గీతలు గీతలుగా ఆడుతున్న టీవీనే చూస్తున్నాడు. దాని పుస్తకం ఇంట్లో ఉందా అని అడిగాడు. పెళ్లి కుదరలేదు. టీవీ మాత్రం బాగైంది.

ఇక నా బాధ నాది. నా జిరాక్సు మిషను కాగితాలు నమిలేసేది. కంపెనీ మనిషి కర్నూలు నుంచి ఎప్పుడొస్తాడో ఆయనకే తెలియదు. పక్కనే ఇంత పెద్ద మెకానిక్ ఉండి, గోడకవతల కూర్చుని, "పుస్తకం తెప్పిచ్చు దావీదప్పా" అంటాడు. తెప్పించేదాకా విడవలేదు. తెప్పించాక, కరెంటు పోయిన మధ్యాహ్నాలన్నీ నన్ను కూర్చోబెట్టి ఏ రోలరు ఏ పని చేస్తుందో చదివించాడు. ఆ వేసవిలో ఆయన్ని తిట్టినంతగా నేను కరెంటోళ్లను కూడా తిట్టలేదు.

తొంభైల చివర్లో, మత్తయి పాతసామాన్ల అంగడికి ఏదో ట్రాన్స్‌ఫార్మరు కోసమని పోయిన సుందరరాజు టెంపో నిండా సామానుతో తిరిగొచ్చాడు. కొలిమిగుండ్ల దిక్కు ఒక సిమెంటు ఫ్యాక్టరీ కంట్రోలు రూములో పాత పరికరాలు మార్చేస్తుంటే మత్తయి వాటిని ఇనుము కింద కొన్నాడట. చూస్తే కంప్యూటర్ల మాదిరే ఉన్నాయి, కానీ వెనకాల బుర్ర లేదు. అప్పట్లో కంప్యూటరు తెర అంటే టీవీ మాదిరి వీపున మూటకట్టుకుని ఉండేది. ఇవి పలకల్లాగా పలచగా, నిలబెట్టిన పుస్తకాల్లాగా ఉన్నాయి. ముందర ఒక కీబోర్డు.

ఇవి కంప్యూటర్లు కావని సుందరరాజు నాకు వివరించాడు. టెర్మినళ్లంటారట. అసలు కంప్యూటరు ఎక్కడో ఉంటుంది, వైరు లాగితే అందులోని అక్షరాలు వీటిమీద కనపడతాయి. ఒక్క కంప్యూటరుకు ఇట్లాంటివి చాలా తగిలించుకోవచ్చు. తెర గాజుపలకల మధ్య నియాన్ వాయువు పెట్టి మూశారట. ప్లాస్మా తెర. ఇవి తయారైన కాలానికి మా వీధిలో ఎవరింట్లోనూ మామూలు టీవీ కూడా లేదు.

ప్లగ్గు పెడితే ఒకటి కాసేపు వెలిగింది. కరెంటు టెస్టరులో చిన్న బల్బు వెలుగుతుంది చూడండి, ఆ రంగు. నల్లటి పలక మీద నారింజరంగు అక్షరాలు నిప్పుకణికల్లాగా, ఒక్క అదురు లేకుండా నిలబడ్డాయి. తర్వాత టప్పుమని ఆరిపోయాయి.

నేను చప్పట్లు కొట్టబోయి ఆగాను. ఎందుకంటే సుందరరాజు ముఖంలోకి ఆ చూపు వచ్చేసింది. పుస్తకం యాడ అని అడగడానికి ఈసారి ఎదురుగా ఎవరూ లేరు. అందుకని ప్రపంచాన్నే అడగడం మొదలుపెట్టాడు.

పలక వెనక ఉన్న కంపెనీ పేరుకు ఉత్తరం రాశాడు. ఆ కంపెనీని ఇంకో కంపెనీ కొనేసిందని జవాబొచ్చింది. దానికి రాస్తే, దాన్ని వేరేవాళ్లు కొనేశారు. వాళ్లకు రాస్తే, కొత్త ప్రింటర్ల గురించి రంగుల పుస్తకం, గోడ క్యాలెండరు పంపారు. సుందరరాజు ఆ ప్రింటర్ల పుస్తకాన్ని కూడా మొదటినుంచి చివరిదాకా చదివి భద్రంగా దాచుకున్నాడు. ఏ దేశంలోనో ఒక పెద్దమనిషి మాత్రం, ఈ యంత్రం మా దగ్గర లేదు, మీ దగ్గరుంటే మా మ్యూజియానికి ఇస్తారా అని రాశాడు.

అప్పుడే మా వీధి చివర నెట్ సెంటరు తెరిచారు. సుందరరాజు అక్కడ కూర్చుని వెతికించాడు. ఈ తెరలున్నవాళ్లు ప్రపంచంలో ఇంకా కొందరున్నారని తేలింది. వాళ్లంతా ఒకచోట చేరి ఒకరినొకరు పుస్తకం అడుక్కుంటున్నారు.

"మన మాదిరోళ్లు ఉండారప్పా ఇంకా" అన్నాడు సుందరరాజు. కళ్లల్లో నీళ్లు ఒక్కటే తక్కువ. ఆయన మాదిరివాళ్లు ఇంకా ఉన్నారనే సంగతికి నాకు మాత్రం కాస్త భయమేసింది.

ఒక్కటే నాకు అర్థం కాలేదు. ఏ పనికీ తొందరపడని మనిషి ఈ తెరల విషయంలో తొందరపడుతున్నాడు. బిరీన రావాల దావీదప్పా, వేసవిలోగా రావాల అని రోజూ పోస్టుమ్యాన్ కోసం రోడ్డు మీద నిలబడేవాడు. పాత ఇనుముకు వేసవితో ఏం పనో ఎంత అడిగినా చెప్పలేదు.

ఆఖరికి దారి చూపించింది మత్తయే. ఆ కంట్రోలు రూము పుస్తకాలు కూడా తన దగ్గరికే వచ్చాయని, వాటిని పాతకాగితాల కింద కొలిమిగుండ్ల బస్టాండులో బజ్జీలు వేసే జానకమ్మకు ఇచ్చేశానని మాటల మధ్యలో చెప్పాడు. సుందరరాజు ఆయన మాట పూర్తయ్యేదాకా కూడా ఆగలేదు. వచ్చి నా షాపు షట్టరు ఆయనే దించేశాడు.

"పద" అన్నాడు.

"నేనేంటికప్పా?"

"నా కడుపుకు మిరపకాయ బజ్జీలు పడవు. నువ్వు తినాల."

పోయాం. జానకమ్మ బండి దగ్గర నేను బజ్జీలు తింటుంటే, ఆయన నా చేతిలో కాగితాన్ని చదువుతూ నిలబడ్డాడు. మొదటి కాగితం మీద కీబోర్డు శుభ్రం చేసే పద్ధతి. రెండో దాంట్లో గుంటూరులోని ఏదో కాలేజీ ప్రశ్నపత్రం. మూడో పొట్లానికి అసలైన బొమ్మ వచ్చింది. సుందరరాజు నా బజ్జీని చేత్తో పట్టుకుని, కాగితాన్ని కళ్లకద్దుకున్నాడు. చుట్టూ ఉన్నవాళ్లు అదేదో మొక్కుబడి అనుకున్నారు.

కథ విన్న జానకమ్మ మిగిలిన కాగితాల కట్టంతా బండి కిందినుంచి తీసి మా ముందు పడేసింది. సగానికి పైగా దొరికింది. మిగిలినవి బస్టాండులోని పల్లీలవాళ్లకు పంచిందట. ఆ తర్వాత కొన్ని ఆదివారాలు మేం కొలిమిగుండ్లలో బజ్జీలు, పల్లీలు, బొరుగులు తింటూ తిరిగాం. మేమంటే నేను. మా ఆవిడ ఆ నెలలో నా చొక్కాలు వదులు చేసింది.

ఒక్కటి మాత్రం దొరకలేదు. తెరకు ఎక్కడ ఎంత కరెంటు పోతుందో చూపించే పెద్ద మడత కాగితం. అది తప్పితే మిగిలినవన్నీ ఉన్నా పని జరగదు. చివరికి అది జానకమ్మ ఇంట్లోనే, దేవుని గూట్లో పటాల కింద పరిచి ఉందని తెలిసింది. మందంగా, మంచిగా ఉందని పరిచిందట.

దేవుని కిందిది తీసిస్తే ఏమవుతుందోనని ఆమె కాసేపు తటపటాయించింది. తర్వాత ఒక షరతు పెట్టింది. ఆమె పంపు స్టవ్వు పొద్దున్నుంచీ మంట పట్టడం లేదు. అది బాగుచేసిస్తే కాగితం తీసిస్తుంది.

నేను సుందరరాజు వైపు చూడలేకపోయాను. కిరోసిన్ పంపు స్టవ్వు. ఈ భూమి మీద పంపు స్టవ్వుకు పుస్తకం చూసినవాళ్లు ఎవరూ లేరు. ఆయన జీవితంలో ఇంతకన్నా పెద్ద పరీక్ష ఉండదనుకున్నాను.

సుందరరాజు కింద కూర్చుని, జానకమ్మను కూడా ఎదురుగా కూర్చోబెట్టుకుని, స్టవ్వు విప్పేశాడు. పంపు లోపలి తోలు వాషరు ఎండిపోయింది, చూడమన్నాడు. నూనె చుక్క వేసి మెత్తబరచడం ఎలాగో ఆమెతోనే చేయించాడు. మంట వచ్చే బెజ్జంలో పిన్ను పెట్టి మసి తీయడం కూడా ఆమెతోనే చేయించాడు. ఒకసారి బిగించి, మళ్లీ విప్పించి, ఇప్పుడు నువ్వు బిగించు అన్నాడు. స్టవ్వు బుస్సుమని నీలంగా మండింది. నేను నోరు తెరుచుకుని నిలబడి ఉన్నాను.

తిరిగొచ్చే బస్సులో, మడత కాగితాన్ని పసిపిల్లను పెట్టుకున్నట్టు ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు. బనగానపల్లె దాటేదాకా ఓపికపట్టి అడిగాను.

"పుస్తకం ల్యాకుండా స్టవ్వు ఎట్ల చేస్తివి?"

"స్టవ్వుకేంటికప్పా పుస్తకం."

"మిక్సీకి?"

"దానికీ అక్కరలే."

"ఫ్యానుకు? నా జిరాక్సు మిషనుకు?"

ఆయన కిటికీలోంచి శనగచేలు చూస్తున్నాడు. బస్సు గుంతలో పడి లేచింది. నాకు మాత్రం నేనే పడినట్టనిపించింది.

"మరి ఊరందరినీ ఇన్నేండ్లు అటకలెక్కిస్తివి కదప్పా" అన్నాను.

"పుస్తకం నాకు కాదు, వాళ్లకు" అన్నాడు సుందరరాజు. "నేను విప్పి చేసిస్తే నాకు తెలుస్తాది. మళ్లా చెడిపోతే మళ్లా నాకాడికే రావాల. పక్కన కూచోబెట్టుకోని చూపిస్తే వాళ్లకే తెలుస్తాది. ఊరికే కూచో, చెప్తా అంటే ఎవరు కూచుంటారు? పుస్తకం అంటే కూచుంటారు."

నేను లెక్కేసుకుంటూ కూర్చున్నాను. ఒకే జబ్బుతో ఒకే వస్తువును రెండోసారి మోసుకొచ్చినవాళ్లు ఆయన షాపులో నాకు గుర్తులేరు. పనితనం గట్టిదని అనుకునేవాణ్ణి. నా మిషను కాగితం నమిలితే ఇప్పుడు నేనే మూత తీసి, రోలరు తిప్పి లాగేస్తాను. కంపెనీ మనిషి కోసం ఎదురుచూడటం ఎప్పుడు మానేశానో నాకే తెలియదు. ఇట్లా అయితే నీ బేరమేం కావాల అంటే, ఊళ్లో చెడిపోయేవాటికి కరువా అన్నాడు.

"ఆ తెరలు ఎవరు నేర్చుకోవాల మరి?" అన్నాను.

ఒక్కొక్క ముక్కే చెప్పాడు.

ఆళ్లగడ్డలో భ్రమరాంబిక అని ఒకామె టైపు ఇన్‌స్టిట్యూటు నడుపుతుంది. వాళ్ల నాయన పెట్టిందే. ఒకప్పుడు టైపు నేర్చుకోవడానికి పిల్లలు పొద్దున్నే వచ్చి వరసలో నిలబడేవాళ్లు. కంప్యూటర్లు వచ్చాక ఒక్కొక్కరే జారుకున్నారు. మీరూ కంప్యూటరు పెట్టండి టీచరమ్మా అని అందరూ చెప్పేవాళ్లే. ఆమె నంద్యాలకొచ్చి ఒక సెంటరులో కూర్చుంది. కూర్చున్న కాసేపటికే తల పగిలేంత నొప్పొచ్చి, వాంతులై, ఆటోలో పడుకోబెట్టి తీసుకుపోయారు. టీవీ ముందు కూర్చున్నా చిన్నప్పటినుంచి ఆమెకు అంతే. ఆ తెర అదురు ఆమె కళ్లు తట్టుకోలేవు. చేతుల్లో ఎంత వేగముంటే ఏం లాభం, చూడలేనిదాన్ని ఎట్లా నేర్పిస్తుంది?

టైపు మిషన్లు ఇనుముకు అమ్మేసి, వేసవి తర్వాత ఇన్‌స్టిట్యూటు మూసేద్దామని ఆమె మత్తయి అంగడికి వచ్చింది. సరిగ్గా అప్పుడే సుందరరాజు అక్కడ ఒక తెరకు కరెంటు పెట్టి చూస్తున్నాడు. నారింజ అక్షరాలు వెలిగాయి. అవి ఆరిపోయేదాకా ఆమె నిలబడి చూసింది. తలనొప్పి రాలేదే అని తనలో తనే గొణుక్కుని, మత్తయితో మిషన్ల రేటు మాట్లాడుకుని వెళ్లిపోయింది. ఆమె సంగతంతా తర్వాత మత్తయి చెప్పాడట.

"నన్నేమీ అడగలే ఆయమ్మ" అన్నాడు సుందరరాజు. "చూసింది, అంతే."

"చేసిచ్చేసి రావచ్చు కదప్పా. ఈ బజ్జీల తిరుగుడేంటికి?"

"ఆళ్లగడ్డలో ఇది చెడిపోతే ఎవరు చేస్తారు? నేను బస్సెక్కి పోయేదాకా పిల్లోళ్లు గమ్మున కూచోవాల్నా? ఇన్‌స్టిట్యూటు ఆయమ్మది. మిషను గూడా ఆయమ్మ చేతిలోనే ఉండాల." కాస్త ఆగి, సిగ్గుపడుతూ అన్నాడు. "అయినా, వీటికి మాత్రం నాకు గూడా పుస్తకం కావాల దావీదప్పా. నిజంగానే తెలీదు."

ఆ పుస్తకాన్ని కాపీ తీయడం నా జిరాక్సు జీవితంలో ఒక అధ్యాయం. నూనె పీల్చిన కాగితం అద్దంలా మారి, ముందు పేజీ, వెనక పేజీ ఒకదానిమీద ఒకటి వచ్చేవి. వెనకాల నల్లకాగితం పెట్టి, పెసరపిండి చల్లి, ఇస్త్రీ చేసి, ఎన్ని విధాల చేయాలో అన్ని విధాలా చేశాం. షాపంతా బజ్జీల వాసన. కుల ధ్రువీకరణ పత్రం కాపీలకు వచ్చినవాళ్లు, ఈడ టిఫిన్లు గూడా పెట్టినారా అని అడిగేవాళ్లు.

సుందరరాజు పగలంతా తెరలతోనే ఉన్నాడు. వాపు వచ్చిన కండెన్సర్లు మార్చాడు. చచ్చిన తెరలోంచి భాగాలు తీసి బతికే తెరలో పెట్టాడు. ఒకటి ఆయన చేతుల్లోనే చిన్న శబ్దంతో పగిలిపోయింది. ఆ రోజు షాపు మూసేసి ఇంటికి పోయాడు. మర్నాడు వచ్చి, తప్పు ఎక్కడ జరిగిందో మడత కాగితం మీద వెతికి పట్టుకుని మళ్లీ మొదలుపెట్టాడు. ఆఖరికి ఒక బల్ల నిండా సరిపోయేన్ని తెరలు వెలిగాయి. నా షాపులోని ముసలి కంప్యూటరుకు తీగలు లాగితే, ఇక్కడ కొట్టిన అక్షరం అక్కడ నిప్పులా నిలబడింది.

వేసవి ఇంకా అయిపోలేదు. నా ముసలి కంప్యూటరుతో సహా అన్నీ టెంపోకెత్తి, శిరివెళ్ల మీదుగా ఆళ్లగడ్డకు పోయాం. ఇన్‌స్టిట్యూటు పక్కనే రాతి విగ్రహాలు చెక్కే షెడ్డు. అక్కడ ఉలి చప్పుళ్లు, ఇక్కడ టైపు చప్పుళ్లు కలిసిపోయి వినపడుతుండేవట. మేం పోయేసరికి ఉలి చప్పుళ్లే ఉన్నాయి.

ఇన్ని నెలలు ఆమె కోసమే తిరిగానని సుందరరాజు చెబుతాడనుకున్నాను. ఆయన చెప్పింది ఇది: నా షాపు వానకు కారుతాది, ఈ సామాను పెట్టుకోవడానికి చోటు కావాల, అద్దె ఇయ్యలేను, దానికి బదులు మీరు వాడుకోవచ్చు, వాడుకుంటేనే తేమ పట్టకుండా ఉంటాయి.

భ్రమరాంబిక సన్నగా, నిటారుగా, చేతులు కట్టుకుని నిలబడి విన్నది.

"ఇది గోడౌను కాదప్పా" అంది. "మూసేస్తాండా కూడా."

సుందరరాజు గబగబా ఒకదానికి ప్లగ్గు పెట్టాడు. నారింజ వెలుగు వచ్చింది. ఆమె కట్టుకున్న చేతులు విప్పింది. స్టూలు లాక్కుని కూర్చుని, అలవాటు మీద వేళ్లు కీబోర్డు మీద ఆనించింది. ఒక వరస కొట్టింది. ఇంకో వరస. తర్వాత ఆగలేదు. తల ఎత్తలేదు, కళ్లు నులుముకోలేదు. తెర నిండి అక్షరాలు పైకి జరుగుతున్నా కొడుతూనే ఉంది. గుమ్మంలోకి ఎవరో ఆడపిల్లలు వచ్చి తొంగిచూస్తున్నారు.

చాలాసేపటికి చేతులు తీసి, తెర చుట్టూ వేళ్లతో తడిమి చూసి, సుందరరాజు వైపు తిరిగింది.

"దీనికి పుస్తకం ఉండాదా?"

ఇన్నేళ్లలో ఆయన్ని ఆ మాట అడిగిన మొదటి మనిషి ఆమే. సుందరరాజు ముఖం ఆ తెరకన్నా ఎక్కువ వెలిగింది. సంచిలోంచి బైండు చేయించిన కాపీ తీసి, రెండు చేతులా అందించాడు. ఆమె పేజీ తిప్పి, ముక్కు ఎగబీల్చి, ఇదేందీ మిరపకాయ బజ్జీ వాసన వస్తాంది అంది. అప్పుడు నేను ఆగలేకపోయాను. మొత్తం చెప్పేశాను, వానకు కారని షాపుతో సహా. సుందరరాజు నాతో నంద్యాల చేరేదాకా మాట్లాడలేదు.

ఇన్‌స్టిట్యూటు మూయలేదు. ప్రతి ఆదివారం ఆయన ఆళ్లగడ్డకు పోయి, ఆమెను కూర్చోబెట్టి పుస్తకం చదివించాడు. ఆ తెరల లోపల చాలా కరెంటు దాగి ఉంటుంది. ప్లగ్గు పీకి, నిదానంగా చాయ తాగి వచ్చి, అప్పుడే మూత తీయాలని నేర్పించాడు. రెండువేల ఒకటి వచ్చేసరికి బోర్డు మీద టైపు అనే మాట పక్కన కంప్యూటరు అనే మాట కూడా చేరింది. పక్క ఊళ్ల పిల్లలు కూడా వచ్చారు. టీవీ తెరలున్న సెంటర్లలో గంటలకొద్దీ కూర్చుని కళ్లు ఎర్రబడిన పిల్లలకు ఆ నారింజ వెలుగు హాయిగా ఉండేదట.

ఒకసారి పొద్దున్నే ఆళ్లగడ్డ నుంచి నా షాపుకు ఫోనొచ్చింది. ఒక తెర ఆరిపోయిందని ఒక విద్యార్థిని చెప్పింది. సుందరరాజు సోల్డరింగు ఐరన్ సంచిలో పడేసుకుని, చెప్పులు కూడా మరిచిపోయి బస్సెక్కాడు. నేనూ ఎక్కాను. దారి పొడుగునా ఏ భాగం పోయి ఉంటుందో నాకు చెబుతూనే ఉన్నాడు. పోయి చూస్తే భ్రమరాంబిక మెట్ల మీద కూర్చుని చాయ తాగుతోంది. ఆయన్ని లోపలికి పోనివ్వలేదు. గ్లాసు కిందపెట్టి, లోపలికి పోయి, మూత తీసింది. మేం గుమ్మం దగ్గరే నిలబడ్డాం. ఆయన నోరు తెరిచినప్పుడల్లా ఆమె చెయ్యెత్తి ఆపింది. కాసేపటికి తెర నారింజరంగుకు మారింది.

"వచ్చినావు కదా, కూచో" అంది ఆమె. అంతే అంది.

సుందరరాజు గోడకు ఆనుకుని కూర్చున్నాడు. చేయడానికి పనేమీ లేక, చెప్పుల్లేని కాళ్లు చాపుకుని, పిల్లలు కొడుతుంటే చూస్తూ ఉండిపోయాడు. అంత సంతోషంగా ఖాళీగా ఉన్న మనిషిని నేనెప్పుడూ చూడలేదు.

ఆ ఏడాది టైపు లోయర్ గ్రేడు పరీక్షకు పంపాల్సిన బ్యాచిలో ఒకరు తక్కువయ్యారు. బ్యాచి నిండకపోతే ఆళ్లగడ్డలో సెంటరు ఇవ్వరు, ఆడపిల్లలు కర్నూలు పోయి రాయాల్సి వస్తుంది. సుందరరాజు తన పేరు రాయించుకున్నాడు. బ్యాచి నిండింది. ఆడపిల్లలందరూ పాసయ్యారు. సుందరరాజు తప్పాడు. మళ్లీ కట్టాడు, మళ్లీ తప్పాడు. ఇప్పటికీ ఆదివారం ఆదివారం ఇస్త్రీ చొక్కా వేసుకుని, తలకు నూనె రాసుకుని ఆళ్లగడ్డ బస్సెక్కుతూనే ఉన్నాడు.

రేడియోలో తలవెంట్రుకంత తీగను చూడకుండా అతికించే వేళ్లు అవి. వాటికి టైపు రాకపోవడమేమిటని మొన్న అడిగేశాను. బస్సు మెట్టు మీద కాలుపెట్టి, చుట్టూ చూసి, నా చెవి దగ్గరికి వంగాడు.

"పాసైతే పొమ్మంటాది కదప్పా" అన్నాడు.